మరలకు చుట్టిన నూలు

బుధవారం పొద్దున ఏడున్నరకు తలుపు తీసేసరికి జగిత్యాలలోని మా ఇంటి మెట్ల మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కోరుట్ల నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట. పేరు బాలమణి. నల్లాలు, పైపుల పని చేసే మొండయ్య భార్య. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"సోమారం పొద్దుమీకి అయిదున్నరకు మా ఆయిన్ని పోలీసోళ్ళు జీపుల ఏసుకపోయిన్రు సారూ. క్యాంపుకాడికి పోతె గసోంటోడు మా తాన లేడంటున్రు. మీరు ఎన్కట పోలీసుల జేసిన్రట, ఇప్పుడు గిసోంటి కేసులు తవ్వి తీస్తరట. ఎవలో పెద్దమనిషి పైపుకు సుట్టిన నూలు జూసి గిది సిరిసిల్లోని పనే అన్నడట. గా ఒక్క మాట మీదనే పట్టుకపోయిన్రు."

ఆ పెద్దమనిషిని నేనే. ఆ ముక్క అప్పుడే, ఆ మెట్ల మీదే చెప్పేయాల్సింది. నోరు పెగల్లేదని రాస్తే అబద్ధమవుతుంది. నోరు బాగానే ఉంది, మనిషే చాలలేదు. "చాయ్ తాగుతవా బిడ్డా" అని అడిగాను.

జరిగింది ఇది. శ్యాంసుందర్ రావు నాకు వరసకు బావ. సారంగాపూర్ దిక్కు ఒక ఊళ్ళో దొరగా బతికిన మనిషి. రెండేళ్ళ కింద, ఎనభై ఆరులో, దళం నుంచి ఉత్తరం రాగానే ఊరు విడిచి కోరుట్లలో ఇల్లు తీసుకున్నాడు. మొన్న సోమవారం పొద్దున ఆరూ పదికి స్నానాల గదిలో నల్లా తిప్పబోయి, షాకు కొట్టి అక్కడికక్కడే పోయాడు. ఆయన తమ్ముడు దామోదర్ రావు కారు పంపి నన్ను పిలిపించాడు.

ఆ ఇంటి బావి మోటారు పాతది, దాని ఒంటికి కరెంటు వస్తుంది. అందుకని శివరాత్రి ముందు మొండయ్య మోటారు నుంచి ఇంట్లోకి పోయే ఇనుప పైపును రెండడుగుల మేర కోసి, మధ్యలో రబ్బరు గొట్టం బిగించాడు. నీళ్ళు పోతాయి, కరెంటు రబ్బరు దగ్గర ఆగిపోతుంది. ఆదివారం ఇంటిల్లిపాదీ మెట్‌పల్లిలో పెళ్ళికి పోయినప్పుడు ఎవరో ఆ రబ్బరు తీసేసి, దాని జాగాలో మళ్ళీ ఇనుప ముక్క పెట్టారు. హత్యకు కావలసింది అంతే. సోమవారం మోటారు వేయగానే ఇంట్లో ప్రతి నల్లాకూ కరెంటు పాకింది.

సోమవారం పన్నెండు గంటలకు నేను ఆ ముక్కను ఒక కొసన విప్పించి చూశాను. నీళ్ళు కారకుండా పైపు మరలకు మన దగ్గర పనివాళ్ళు సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి జనుపనార చుడతారు. దీనికి నూలు చుట్టి ఉంది. మగ్గాల ఊరు కాబట్టి నూలు చుట్టేది సిరిసిల్ల పనివాళ్ళే. చుట్టూ పదిమంది చూస్తుండగా రెండు నిమిషాల్లో తేల్చేశాను: ఇది సిరిసిల్ల చెయ్యి. కోరుట్లలో పైపుల పని చేసే సిరిసిల్ల మనిషి ఒక్కడే, రబ్బరు ఎందుకుందో తెలిసినవాడూ అతనే. దామోదర్ రావు నా భుజం తట్టాడు. స్పెషల్ పార్టీ ఇన్‌స్పెక్టర్ బాలకిషన్ కాగితం మీద రాసిమ్మన్నాడు. మంచి దస్తూరీతో పేజీన్నర రాసిచ్చాను. రాస్తున్నంతసేపూ నాకెంత హాయిగా ఉందో తలుచుకుంటే ఇప్పుడు చచ్చేంత సిగ్గేస్తుంది.

దళం ఉత్తరం ఉంది, దొర చచ్చాడు, పనివాడు దొరికాడు. బాలకిషన్‌కు ఇంకేం కావాలి. రెండు రోజులు ఏ కాగితంలోనూ లేని మనిషి మూడో రోజు అడవిలో ఎదురుకాల్పుల్లో దొరకడం ఆ సంవత్సరాల్లో ఎవరికీ కొత్త కాదు. మొండయ్యను తీసుకుపోయి అప్పటికి ముప్పై ఎనిమిది గంటలు.

పైపు నుంచి తీసిన నూలులో సగం నా దగ్గర కవర్లో ఉంది. ఎందుకో తెచ్చి బాలమణికి చూపించాను. ఆమె రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"గిది మా నాయిన పంపే నూలు గాదు."

"ఎట్ల చెప్తవ్?"

"మా ఆయినకు సిరిసిల్ల కాంచి మా నాయిన దశరథం నూలు పంపుతడు. మెత్తగుంటది. గిది పుల్లలెక్క ఉన్నది."

"సఫేదా ఎండి గట్టిపడ్డదేమో."

"సఫేదా అంటని కొసలు గూడ గట్లనే ఉన్నయ్ గద సారూ."

అవును, అలాగే ఉన్నాయి. రెండు రోజులుగా నా జేబులో ఉన్న వస్తువు. ఆమెను మా వకీలు దగ్గరికి పంపి, కలెక్టరుకూ మెజిస్ట్రేటుకూ టెలిగ్రాములు కొట్టించమని చీటీ రాసిచ్చాను. ఆమె నాకు దండం పెట్టి పోయింది. ఆ దండం తీసుకున్నాను కూడా.

ఎనిమిదీ యాభైకి కోరుట్లలో ఉన్నాను. పెరట్లో ఆ ఇనుప ముక్క పంచనామా చీటీ అంటించి అలాగే వేలాడుతోంది. ఈసారి నూలును వదిలేసి పైపును చూశాను. పని తెలిసినవాడు పైపు పానను ఒక్కచోట పట్టిస్తాడు. దాని పళ్ళ గాట్లు ఒకటో రెండో పడతాయి. ఇక్కడ పదకొండు ఉన్నాయి. పాన జారి పైపు మీద గీరుకుపోయిన గీతలు వేరే. రెండు ముక్కలను కలిపే యూనియన్ మూలలు కూడా అరిగిపోయి ఉన్నాయి. సోమవారం ఇవి నేను చూడలేదా అంటే, చూశాను. చూసి, నా రిపోర్టు నాలుగో పేరాలో "నేరస్థుడు మిక్కిలి తొందరలో ఉండెను" అని రాశాను. చేతగానితనాన్ని తొందర అని రాసి పడేసిన ఘనుణ్ణి.

పనిమనిషి సమ్మవ్వను పిలిచాను.

"మోటారు ఎప్పుడేసినవ్?"

"ఆరుకు. రోజు ఏసే టైముకే."

"ఐతారం నాడు?"

"పెండ్లి కాంచి అచ్చేసరికి కరెంటు లేకుండె. ఏయలే."

"సోమారం ఏసినంక ఏం జూసినవ్?"

"గా పైపు అతికిన కొత్త జోడు కాంచి నీళ్ళు చిమ్మినయ్. కింద బకీటు వెట్టిన."

"ఏ బకీటు?"

"ప్లాస్టికుది."

పైపుకు చెయ్యి తగలకుండా ఎడంగా ప్లాస్టిక్ బకెట్ తోసింది కాబట్టి సమ్మవ్వ నా ముందు నిలబడి మాట్లాడుతోంది.

"నీళ్ళు కారిన ముచ్చట సోమారం నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన బాంచెన్. మీరే చెయ్యి అడ్డం వెట్టి, ఆగవే నువ్వు అన్నరు."

అన్నాను. అప్పుడు నేను పదిమందికి నూలు గురించి ఉపన్యాసం ఇస్తున్నాను మరి. బిగించిన మర్నాడే నీళ్ళు చిమ్మే జోడు, పాతికేళ్ళు పైపుల పని చేసినవాడి చేతి నుంచి వస్తుందా అని పనిమనిషి అడగకుండానే అడిగింది. నేను ఆమె నోరు మూయించాను.

"మొండయ్య రబ్బరు గొట్టం ఏసిన్నాడు ఇక్కడ ఎవలెవలున్నరు?"

"పెద్దదొర, అమ్మ, నేను. చిన్నదొర గూడ కుర్సీ ఏసుకొని కూసున్నడు. గీ రబ్బరెందుకురా అని అడిగిండు. మొండయ్య అంత ఇడమరిచి చెప్పిండు."

చిన్నదొర అంటే దామోదర్ రావు. రబ్బరు సంగతి మొండయ్య ఒక్కడికే తెలుసని నేను రాసిచ్చిన కాగితం మీద నా సంతకం ఉంది, తారీఖు ఉంది.

లోపలికి పోయాను. బావ భార్య రంగనాయకమ్మ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మూడో రోజు. ఆ మనిషిని ప్రశ్నలు అడగడానికి నాకు మొహం చెల్లలేదు, అయినా అడిగాను.

"అక్కా, ఆదివారం పెండ్లికి అందరు కల్సే పోయిన్రా?"

"మేం తొమ్మిదింటికి పోయినం. లగ్గం పదకొండు ఇరవైకి. దామోదర్ లగ్గానికి అందలే, రెండింటికి బంతికి అచ్చిండు. తొవ్వల కారు టైరు పంచరైందట, తనే మార్చుకున్నడట. అరచేతుల బొబ్బలెక్కి చంచాతోటి తిన్నడు. పెండ్లి బంతిల చంచా అడిగెటోన్ని ఎవలు జూసిన్రు, అందరు నవ్విన్రు."

"ఇంటి తాళం చెవులు?"

"ఒకటి నా తాన. ఒకటి దామోదర్ తాన."

"బావ, దామోదర్ మంచిగనే ఉన్నరా అక్కా?"

"ఎర్రజెండాలు పాతిన భూమి ఉన్నది గద, అది దున్నెటోళ్ళకే రాసిద్దమని ఈయన. ఇద్దరి సంతకాలు గావాలె. నెల సంది అన్నదమ్ములకు మాటల్లెవ్వు. ఎందుకడుగుతున్నవ్ మాధవా?"

"ఊరికే అక్కా" అన్నాను. ఆ పొద్దు నేను దాచిన రెండో నిజం అది. దామోదర్‌తో కలిసి చదువుకున్నాను, వాళ్ళింట్లో తిన్నాను. అక్కడ నిలబడి కూడా, చేతి బొబ్బకు టైరే కారణం కావచ్చు కదా అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. మొండయ్య విషయంలో ఇందులో పదో వంతు సందేహమైనా నాకు రాలేదు.

పదీ అయిదుకు ఊరవతల పాత జిన్నింగు మిల్లులో పెట్టిన క్యాంపుకు పోయాను. బాలకిషన్ నా కింద పనిచేసినవాడు. నేను ఉద్యోగం వదిలేసి వచ్చాక ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. సోమవారం నేను ఆ పేజీన్నర రాసింది మొండయ్య మీద కోపంతో కాదు, బాలకిషన్ ముందు నా తెలివి ఇంకా తుప్పు పట్టలేదని చూపించుకోవడానికి.

అతని బల్ల మీద మొండయ్య సామాను పరిచి ఉంది. దుబాయి నుంచి తెచ్చుకున్న, పైపుకు మరలు కోసే డై సెట్టు, రెండు పైపు పానలు, పైపు ముక్కలు, గోనెసంచి నిండా ఫిట్టింగులు.

"రాండ్రి రావ్‌సాబ్. మీ రిపోర్టు పైన అందరికి నచ్చింది."

"నా రిపోర్టు తప్పు. వాపస్ తీసుకుంటున్న."

"ఎట్ల తప్పు? సామాను గూడ దొరికింది. సూడుండ్రి." ఒక మూత తీసి నా ముందు పెట్టాడు. "గిది బాంబు మూత."

"అది ఎండ్ క్యాపు. నల్లా లైను ఎక్కడ ఆగుతదో అక్కడ పెడ్తరు. మీ క్యాంపు స్నానాల గదిల గూడ ఉంటది, పోయి చూసుకో. ఇది ఎల్బో, మూల తిరిగేకాడ పెడ్తరు. ఇది టీ. ఇది నిప్పుల్, రెండు సాకెట్ల నడుమ వేస్తరు. ఇది గేటువాల్వు. ఏ దుకాణంలనైన దొరుకుతయ్."

"మా పంచనామాల బాంబు సామాను అని రాసినం. రాసినంక గదే పేరు."

"మనిషి మీ తాన లేడన్నరట. మరి మనిషి సామాను మీ బల్ల మీదికి ఎట్ల వచ్చింది?"

అతను నవ్వాడు. "లేనోని గురించి మీకెందుకు రంది రావ్‌సాబ్?"

"సాయంత్రం నాలుగింటికి జగిత్యాలల మెజిస్ట్రేటు ముందట వాంగ్మూలం ఇస్త. సోమారం అయిదున్నర సంది మొండయ్య నీ తాన్నే ఉన్నడని, నా కాగితం మీదనే పట్టినవని, ఆ కాగితం తప్పని. టెలిగ్రాములు పోయినయ్ ఇప్పటికే. ఇగ వాణ్ని అడవికి తీసుకపోతె నువ్వు జవాబు చెప్పాలె."

నవ్వు పోయింది. డై సెట్టు పిడిని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"మీ ఇజ్జత్ పోతది."

"పోనీ."

"సరె. నాలుగింటికి నేనే తోలుకస్త. మీకెందుకు తక్లీఫ్? ఆడే మెజిస్ట్రేటు ముందట ఒప్పుకుంటడు. మీరు గూడ ఇనుండ్రి. మీకు సమజైతది మంచిగ."

ఆ చివరి మాట అతనెందుకు అన్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

రాజ్‌దూత్ మీద సిరిసిల్ల చేరేసరికి పన్నెండూ ఇరవై. బాలమణి తండ్రి దశరథం అరవై దాటిన మనిషి. మగ్గం ఆపి బయటికి వచ్చాడు. బిడ్డ పంపిందనుకుని అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. కవరు విప్పి ఇచ్చాను. అతను నూలును కళ్ళతో చూడనే లేదు. కొసను నాలుకకు ఆనించుకుని, పక్కకు ఉమ్మేశాడు.

"గంజి."

"గంజి అయితె ఏమైంది?"

"గిది మగ్గం బీముకు ఎక్కిచ్చే పడుగు నూలు సారు. నేసెటప్పుడు తెగకుండ గంజి వెడ్తరు. గిది పైపుకు సుట్టరు. నీళ్ళు తాకంగనె గంజి కరుగుతది, నూలు వదులైతది, జోడు కారుతది. నేను అల్లునికి పంపేది గంజి లేని ఏస్టు నూలు, మిగిలిపోయిన పోగులు. ఆడు గూడ నాలికెకు పెట్టి సూడంది సుట్టడు. నేనే నేర్పిన."

"ఎక్కడి నూలో చెప్తవా?"

పోగుల కొసలు విడదీసి వెలుగుకు పట్టాడు. "అన్ని ఒక్క తీర్గ కత్తెరతోటి కోసినయ్. మగ్గమెక్కని బీము మీదికెళ్ళి కోసిన్రు. నేసెటోడు బీము కోయడు సారు, పస్తులన్న ఉంటడు గని. గంజి కార్ఖానల మాలు మంచిగున్నదా లేదా అని నమూనా కోస్తరు."

"కార్ఖానలు ఎన్ని ఉన్నయ్?"

"రెండు. ఒకటి ఉగాది సంది బందున్నది. నడిచేది దామోదర్ రావు దొరది."

అరచేతి బొబ్బకు ఇక టైరు వంక పెట్టే దారి లేకపోయింది. నేను కవరు మడిచి జేబులో పెట్టుకుంటుంటే దశరథం తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు:

"గిది సిరిసిల్లోని పని అని సెప్పినోడు ఎవడో గని, వానికి నూలు తెల్వది, పైపు తెల్వది. ఒక్కసారి నాలికెకు పెట్టుకుంటె అయిపోవు. గంత కష్టం గూడ పడలే."

లేచి పోవచ్చు. టైము లేదు అని ఒక సాకు కూడా ఉంది. కానీ పొద్దున వాళ్ళ బిడ్డ పెట్టిన దండం ఇంకా నా మీద ఉంది.

"చెప్పింది నేనే దశరథం. నాలుగింటికి మెజిస్ట్రేటు ముందట ఆ మాట వాపస్ తీసుకుంటున్న."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. అతను నన్ను కిందికీ పైకీ చూశాడు, నా బూట్లు కూడా చూశాడు. తర్వాత చాయ్ గ్లాసును నా వైపు జరిపాడు.

"తాగుండ్రి, సల్లారుతది. నాలుగింటికి అందుకుంటరా మరి?"

ఆ చాయ్ మింగడం నా వల్ల కాలేదు, మింగకుండా లేవడమూ నా వల్ల కాలేదు.

నాలుగూ అయిదుకు మెజిస్ట్రేటు గదిలో ఉన్నాను. దారిలో ఒక దుకాణంలో అర ఇంచు నిప్పుల్, ఒక సాకెట్, సఫేదా డబ్బా కొని సంచిలో వేసుకున్నాను. మెజిస్ట్రేటు కోస్తా జిల్లా నుంచి వచ్చిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. మా వకీలు ఇచ్చిన దరఖాస్తు చూసి నన్ను ఉండమన్నాడు. బాలకిషన్ మొండయ్యను లోపలికి తెచ్చాడు. ఒప్పుకోలు రాసుకునేటప్పుడు పోలీసులు ఉండకూడదని మెజిస్ట్రేటు అతన్ని బయటికి పంపించి తలుపు వేయించాడు. బాలకిషన్ పోతూ పోతూ నా వైపు చూసి తల ఊపాడు.

మొండయ్యను నేను చూడటం అదే మొదలు. సన్నటి మనిషి. మే నెల ఎండలో చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. రెండు చేతుల వేళ్ళూ వాచి ఉన్నాయి. నేనెవరో తెలియక నాకూ దండం పెట్టాడు.

"నీ అంతట నువ్వే చెబుతున్నావా? ఎవరైనా కొట్టారా?" అని అడిగాడు మెజిస్ట్రేటు.

"కొట్టలే సారూ."

"అయితే చెప్పు."

మొండయ్య చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నేను సిరిసిల్ల వాస్తవ్యుడనగుటచే మరలకు నూలు చుట్టుట నాకు అలవాటు. రబ్బరు గొట్టమును తొలగించి ఇనుప ముక్కను బిగించితిని. ఆ సమయమున నేను మిక్కిలి తొందరలో ఉంటిని…"

అవి నా మాటలు. నా పేజీన్నర. నేను కామా పెట్టిన చోట అతను ఊపిరి తీసుకుంటున్నాడు. రెండు రోజులు, రెండు రాత్రులు ఆ వాక్యాలను ఏ దెబ్బకు ఏ మాట చొప్పున నేర్పించారో అతని వేళ్ళ మీద కనిపిస్తోంది. "తత్ఫలితముగా" దగ్గర ఆగిపోయాడు. నోరు తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ ఆగాడు, కళ్ళలో భయం వచ్చింది. నాకు తెలియకుండానే నా పెదాలు ఆ మాటను అందించబోయాయి. బతికినన్నాళ్ళలో నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

నేను లేచాను. "అయ్యా, ఒక్క నిమిషం. ఇతనితో ఒక జోడు బిగింపించండి."

మెజిస్ట్రేటు కళ్ళద్దాల పైనుంచి చూసి సరే అన్నాడు. నిప్పుల్, సాకెట్, సఫేదా బల్ల మీద పెట్టి, పక్కన కవర్లోని నూలు పెట్టాను.

"మొండయ్యా, గిది నీళ్ళు కారకుంట బిగించు."

గదిలోకి వచ్చాక మొదటిసారి అతని మొహం మామూలుగా మారింది. వాచిన వేళ్ళతోనే నిప్పుల్ తీసుకుని మరలను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. నూలు అందుకున్నాడు. కొసను నాలుకకు ఆనించుకున్నాడు. ఉమ్మేయబోయి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మింగేసి, ఆ నూలును బల్ల చివరికి జరిపేశాడు. ఇటూ అటూ వెతికాడు. ఏమీ దొరక్క తన లుంగీ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, మెలిపెట్టి, సఫేదా అద్ది మరల మీద చుట్టాడు. సాకెట్ ఎక్కించి చేత్తోనే బిగించాడు. నొప్పికి పళ్ళు కరిచాడు గానీ మధ్యలో ఆపలేదు.

"ఆ దారం ఎందుకు పక్కన పెట్టావు?" అని అడిగాడు మెజిస్ట్రేటు.

"గది గంజి నూలు సారూ. జోడు కారుతది. నాకు చెడ్డపేరొస్తది."

అయిదు నిమిషాల కింద హత్య ఒప్పుకున్న మనిషి కారే జోడును మాత్రం ఒప్పుకోలేకపోయాడు. మెజిస్ట్రేటు కలం కింద పెట్టాడు.

"అయ్యా, శ్యాంసుందర్ రావు ఇంట్లో పైపుకు దొరికింది ఆ పక్కన పెట్టిన నూలే" అన్నాను. "ఆ జోడు సోమవారం పొద్దున నీళ్ళు చిమ్మింది. చూసిన మనిషి ఉంది."

మెజిస్ట్రేటు మొండయ్య వైపు తిరిగాడు. "ఇందాక చెప్పిన మాటలు నీకు ఎవరు నేర్పారు?"

మొండయ్య తలుపు వైపు చూశాడు.

"వాళ్ళు లోపలికి రారు. ఇవాళ నువ్వు వాళ్ళతో పోవు. జైలుకు పంపుతున్నాను, అక్కడ డాక్టరు చూస్తాడు. ఇప్పుడు చెప్పు."

ఆ మాట అతని చెవిలోంచి లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు. కూర్చునే మాట్లాడాడు.

"ఎవలు నేర్పిన్రో తెల్వది సారూ. ఓ కాగితం సదివిన్రు, అననిదాక ఇడువలే. నాకు ఒక్కటే సమజైతలేదు. పోయిన నెల దామోదర్ రావు దొర మా ఇంటికచ్చిండు. పైపుకు ఏం సుట్టుతవురా అని అడిగిండు. నూలు తీసి సూపెట్టిన. నవ్విండు. జగిత్యాలల ఒకాయిన ఉన్నడట, నూలు జూస్తె సాలట, పనోని పేరు సెప్తడట. గాయన ఒక్కమాటంటె ఇగ ఎవలు ఎదురడుగరు అన్నడు. గట్లనే అన్నడు."

పోయిన వేసవిలో దామోదర్ ఇంట్లో భోజనాల దగ్గర పాత దొంగతనం కేసు ఒకటి చెప్పి అందరినీ మెప్పించింది నేనే. నూలు చూసి సిరిసిల్ల పనివాణ్ణి పట్టుకున్న కథ. దామోదర్ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. అంటే ఆ నూలు మొండయ్యను పట్టించడానికి చుట్టింది కాదు. నాచేత పలికించడానికి చుట్టింది. అందుకే కారు పంపింది, అందుకే భుజం తట్టింది. నా గర్వం ఎంత దూరం చూస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వాడు కొలిచి పెట్టుకున్నాడు. నూలుకు గంజి ఉందా అని నేను చూడనని వాడికి చూడకుండానే తెలుసు.

కిటికీ తెరిచే ఉంది. ఆవరణలో బాలకిషన్ జీపు పక్కన దామోదర్ కారు వచ్చి ఆగి ఉంది. ఇద్దరూ కారుకు ఆనుకుని నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ళకన్నా దగ్గరగా, వరండాలో, కిటికీ ఊచలు పట్టుకుని బాలమణి నిలబడి ఉంది.

మొండయ్య నా వైపు చూశాడు. "సారూ, మీరు గూడ జగిత్యాలోళ్ళే గద. గాయన ఎవలో మీకెరికేనా?"

"నేనే" అన్నాను.

గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. మెజిస్ట్రేటు కొత్త కాగితం తీసి, కలాన్ని సిరాబుడ్డిలో ముంచాడు.

"గట్టిగా చెప్పండి" అన్నాడు. "మీ పేరు, తండ్రి పేరుతో సహా. రాసుకోవాలి."

వరండాలోని మనిషికీ, ఆవరణలోని ఇద్దరికీ వినబడేటట్టు చెప్పాను.